చర్చలు సరే, ఏ నెల నుంచి?

యూనివర్సిటీ టీచర్ల జీతాలపై ప్రభుత్వంతో చర్చలు అని పేపర్లో రాగానే మా అపార్ట్‌మెంట్‌లో వినిపించే మాట ఒకటే. "లక్షలు తీసుకుంటూ ఇంకా చాలదట!" ఆ లక్షల వాళ్లు వేరు, టెంటు కింద కూర్చున్నవాళ్లు వేరు అంటే వినే ఓపిక ఎవరికీ లేదు. అందుకే ఇక్కడ రాస్తున్నాను.

ఏడో వేతన సవరణ ప్రకారం కొత్తగా చేరిన రెగ్యులర్ అసిస్టెంట్ ప్రొఫెసర్ మూలవేతనం 57,700 రూపాయలు. డీఏ, ఇంటద్దె దానిపైన. పక్క గదిలో అదే సిలబస్ చెప్పే కాంట్రాక్టు వాళ్లు ఆ స్కేలు తమకూ ఇవ్వమంటున్నారు. తెలంగాణ యూనివర్సిటీల్లో 2025లో వాళ్లు రోడ్డెక్కింది ఇందుకే. మా ఆడపడుచూ కాంట్రాక్టే. పీహెచ్‌డీ, నెట్, పదమూడేళ్ల సర్వీసు, అన్నీ ఉన్నాయి. ఇంటి లోనుకి వెళితే బ్యాంకువాళ్లు రెన్యువల్ ఆర్డరు చూసి "వచ్చే ఏడాది సంగతేంటి మేడమ్?" అన్నారట. ప్రతిసారీ ఫోన్ చేసి "ఈసారి కమిటీ వేశారు వదినా" అంటుంది. ఎన్నో కమిటీయో లెక్క మానేశాను.

అసలు బేరమాడాల్సింది ఏముంది? కాంట్రాక్టు పోస్టులు పది శాతం దాటకూడదనీ, వాళ్ల జీతం రెగ్యులర్ అసిస్టెంట్ ప్రొఫెసర్ మొత్తం జీతానికి తగ్గకూడదనీ యూజీసీ 2018లోనే రాసింది. గుజరాత్‌లో నెలకు 30,000కి పనిచేస్తున్న కాంట్రాక్టు అసిస్టెంట్ ప్రొఫెసర్ల కేసులో, స్కేలులో కనీస వేతనం ఇవ్వాల్సిందేనని 2025 ఆగస్టులో సుప్రీంకోర్టు చెప్పింది. సభల్లో గురుబ్రహ్మ శ్లోకం చదివితే సరిపోదని కూడా అంది. ఆ తీర్పిచ్చిన వాళ్లలో మన తెలుగు న్యాయమూర్తి జస్టిస్ పి.ఎస్. నరసింహ ఒకరు.

ప్రభుత్వానికీ ఇబ్బంది లేదనను. ఏడో సవరణలో రాష్ట్రాలపై పడిన అదనపు భారంలో కేంద్రం ఇచ్చింది సగమే, అదీ 2019 మార్చి దాకే. ఫ్రిజ్జుకి సగం డబ్బిచ్చి, కరెంటు బిల్లు మీరే కట్టుకోండి అన్నట్టు! కానీ ఇంట్లో డబ్బు చాలనప్పుడు పనమ్మాయి జీతం ఆపుతామా? ముందు మన ఖర్చులు తగ్గించుకోమూ?

కమిటీ వేసిన రోజే రిపోర్టు ఏ తారీఖుకి వస్తుందో, పెరిగిన జీతం ఏ నెల నుంచి పడుతుందో కాగితం మీద రాసివ్వాలి. స్కూలు ఫీజు కట్టే తారీఖు మా ఆడపడుచుకి జూన్‌లోనే రాసిస్తారు మరి.