బిల్లీ పేట్ ఖరాబ్ అయిన రోజు

మన ఇళ్ళల్లో బిల్లీకి పేట్ ఖరాబ్ అయితే రెండే పనులు జరుగుతాయి. మొదటి రోజు నానీమానో, ఖాలానో "బేచారీ, పొద్దుటి నుంచి ఏమీ ముట్టలేదు" అని గిన్నెలో పాలు పోస్తారు. మూడో రోజుకి కూడా తగ్గక అది చటాయి మీదో, జానమాజ్ మీదో గలీజ్ చేసిందంటే, ఇంట్లో మగవాళ్ళెవరో దాన్ని గోనెసంచిలో వేసి, బండి మీద తీసుకెళ్ళి చేపల మార్కెట్ దగ్గర వదిలేసి వస్తారు. "అక్కడ తిండికి కొదవ లేదులే" అని దిల్‌కి తసల్లీ చెప్పుకుంటారు. ఇంట్లో పెరిగిన జాన్వర్, అదీ బీమార్‌గా ఉన్నది, కొత్త చోట కుక్కల మధ్య ఎన్నాళ్ళు బతుకుతుందో ఎవరూ వెనక్కి వెళ్ళి చూడరు.

పాల గిన్నెకీ గోనెసంచికీ మధ్యన ఇలాజ్ అనేది ఒకటుంది. చాలాసార్లు దానికి పెద్దగా ఖర్చు కూడా కాదు. మొహబ్బత్‌కి మన ఇళ్ళల్లో కరువు లేదు, మాలూమాత్‌కే కరువు.

ముందు పాల సంగతి. పాలలో ఉండే చక్కెరని లాక్టోజ్ అంటారు. దాన్ని అరిగించే శక్తి పిల్లి కూనకి తల్లి పాలు తాగే రోజుల్లో ఉంటుంది. పెద్దదవుతున్నకొద్దీ చాలా పిల్లుల్లో అది తగ్గిపోతుంది. అరగని చక్కెర పేగుల్లోకి నీళ్ళు లాగుతుంది, దస్త్ అవుతాయి. అప్పటికే దస్త్‌తో ఉన్న బిల్లీకి మళ్ళీ పాలు పోయడం అగ్నికి ఆజ్యం పోయడమే. తల్లి లేని కూనలకి కూడా ఆవు పాలు, గేదె పాలు పడవు. వాటి కోసం వేరే పాలపొడి పెంపుడు జంతువుల దుకాణాల్లో దొరుకుతుంది.

నేను ఉర్దూ మీడియంలో చదివాను. మా అమ్మీ నోట్లో "దస్త్" వేరు, "పేచిష్" వేరు. తర్వాత డిగ్రీలో తెలుగు చదువుకుంటే అక్కడా నీళ్ళ విరేచనాలు, జిగట విరేచనాలు అని రెండు మాటలు ఉన్నాయి. ఇంగ్లీషు ముక్క ఒక్కటే పట్టుకుని అందరం "లూజ్ మోషన్స్" అనేసి ఈ ఫరక్‌ని పోగొట్టుకున్నాం. పశువైద్యుడు మొదట అడిగేది సరిగ్గా దీని గురించే. ఎక్కువ మొత్తంలో, నీళ్ళలా, రోజుకి కొద్దిసార్లే పోతూ జీవి బక్కచిక్కుతుంటే గడబిడ చిన్నపేగులో ఉన్నట్టు. కొంచెం కొంచెంగా, మాటిమాటికీ, ముక్కుతూ, జిగటతోనో ఎర్రటి రక్తపు చారతోనో పోతుంటే పెద్దపేగులో ఉన్నట్టు. మన అమ్మీల మాటల్లో చెబితే మొదటిది దస్త్, రెండోది పేచిష్. ఈ ఒక్క ముక్క సరిగా చెప్పగలిగితే డాక్టర్ పని సగం తేలికవుతుంది.

పెద్ద వయసు బిల్లీ, వాంతులు లేవు, చలాకీగానే ఉంది, ఒకటి రెండుసార్లు పల్చగా పోయింది అనుకుందాం. అప్పుడు కావలసింది నీళ్ళు. శుభ్రమైన నీళ్ళ గిన్నెలు రెండు మూడు చోట్ల పెట్టండి. ఓఆర్ఎస్ ఇవ్వాలనిపిస్తే, ప్యాకెట్ మీద రాసినంత నీటిలో కలిపి చెంచా చెంచాగా నాకనివ్వాలి. నోరు తెరిచి బలవంతంగా పోస్తే ఊపిరితిత్తుల్లోకి పోతుంది. అసలు ఓఆర్ఎస్ పొడి వేరు, ఆ పేరు పెట్టుకుని డబ్బాల్లో అమ్మిన తీపి నీళ్ళు వేరు. హైదరాబాద్ పిల్లల డాక్టర్ శివరంజని సంతోష్ ఏళ్ళ తరబడి పోరాడితే, 2025 అక్టోబర్‌లో ఎఫ్ఎస్ఎస్ఏఐ ఆ డ్రింకుల మీద ఆ పేరు వాడొద్దని ఆదేశించింది. మన బచ్చాలకే పనికిరానిది బిల్లీకి ఎందుకు?

తిండి మాటకొస్తే, కుక్కయినా పిల్లయినా రోజంతా ఫాకా పెట్టాలనేది పాత రివాజ్. పెద్ద కుక్కకి ఒక పూట కడుపు ఖాళీగా ఉంచినా ఫరవాలేదు గానీ, బిల్లీ విషయంలో ఆ పని చేయకూడదు. అది, ముఖ్యంగా లావుగా ఉన్నది, రెండు మూడు రోజులు తినకపోతే కొవ్వు కాలేయంలో పేరుకుని ప్రాణం మీదికొస్తుంది. తోలు తీసిన చికెన్‌ని ఉప్పూ కారం లేకుండా ఉడకబెట్టి, చిన్నచిన్న ముక్కలుగా రోజుకి నాలుగైదు సార్లు పెట్టండి. కుక్కకైతే అందులో మెత్తటి అన్నం ఎక్కువ కలపొచ్చు. ఉడికించిన గుమ్మడికాయ గుజ్జు ఒక చెంచా కలిపినా మంచిదే. ఇస్పగోల్ గురించి అడుగుతారని తెలుసు. పేచిష్ రకానికి డాక్టర్లు కొన్నిసార్లు అదే చెబుతారు. కానీ నీళ్ళు సరిగా తాగని జీవికి అది లోపల గడ్డకడుతుంది, అడక్కుండా వేయొద్దు.

మన యఖ్నీ మాత్రం వద్దు. మనిషికి బలమే, బిల్లీకి అందులోని ప్యాజ్, లెహసన్ విషం. ఉల్లి, వెల్లుల్లి పచ్చివైనా, ఉడికినవైనా, పొడి చేసినవైనా దాని రక్తకణాలను పగలగొడతాయి. కుక్కలకీ అంతే. బక్రీద్ రోజుల్లో గోష్త్ కోస్తూ చరబీ అంతా వాటి ముందు విసురుతాం. ఆ కొవ్వుతో పేట్ పాడవడమే కాదు, కుక్కల్లో పాంక్రియాస్ వాచి చచ్చిపోయే దాకా వెళ్ళొచ్చు. ఉడికిన బొక్కలు చీలి పేగుని కోస్తాయి. రమజాన్ ఈద్ తర్వాత మిగిలిన షీర్ ఖుర్మా గేటు దగ్గర కుక్కకి పోయడం చాలా చోట్ల చూశాను. అందులో పాలున్నాయి, పైగా కిష్‌మిష్. కిష్‌మిష్, అంగూర్ కొన్ని కుక్కల గుర్దాలను పూర్తిగా పాడుచేస్తాయి, ఏ కుక్కని ఎంత తింటే అని ముందే చెప్పలేం. సవాబ్ కోసమే పోస్తారు, నియ్యత్‌లో ఖోట్ లేదు. ఆ గిన్నెలో తాజా నీళ్ళు పోసినా సవాబే.

ఇక అసలు ఖతర్‌నాక్ వస్తువు మన దవాయిల డబ్బా. మాకు తెలిసిన ఒకరింట్లో బిల్లీకి దస్త్‌తో పాటు ఒళ్ళు వేడిగా ఉందని సగం పారాసిటమాల్ పొడి చేసి తేనెలో నాకించారు. మర్నాటికి దాని చిగుళ్ళు గోధుమ రంగుకి తిరిగాయి, మొహం వాచింది, ఊపిరి ఆడలేదు. ఆ ఇంటి ఆడపిల్ల తన బచ్చా పోయినట్టు ఏడ్చింది. పారాసిటమాల్‌ని విరగ్గొట్టి బయటికి పంపే సామర్థ్యం పిల్లి కాలేయానికి దాదాపు లేదు. అది రక్తాన్ని ఆక్సిజన్ మోయలేనట్టు చేస్తుంది. ఒక్క గోలీ చాలు. పొరపాటున మింగిందని తెలిసిన గంటల్లోపే తీసుకెళ్తే విరుగుడు మందు ఉంది, అందుకే దాచకుండా చెప్పాలి. ఇబుప్రొఫెన్ కుక్కకీ పిల్లికీ రెండిటికీ హాని.

దస్త్ ఆపే లోపెరమైడ్ గోలీ కూడా మన సొంతంగా వేయకూడదు. లోపల ఇన్‌ఫెక్షన్ ఉంటే బయటికి పోవలసిన జహర్‌ని అది లోపలే ఆపుతుంది, కోలీ జాతి కుక్కల్లో కొన్నిటి మెదడు మీదే దెబ్బకొడుతుంది. మెట్రోనిడజోల్ మాటా ఇంతే. "పోయినసారి డాక్టర్ సాబ్ ఇచ్చిందే మిగిలింది" అని వేస్తారు. కుక్కల్లో హఠాత్తుగా వచ్చే మామూలు దస్త్ ఎక్కువ భాగం యాంటీబయాటిక్ లేకుండానే తగ్గుతాయి. తేలికపాటి వాటికి యాంటీబయాటిక్ వద్దనే యూరప్ పశువైద్య నిపుణులు 2024లో మార్గదర్శకాలు రాశారు.

మరి ఇంట్లో కూర్చోకూడని సందర్భాలేవి? నాలుగైదు నెలల్లోపు కూన అయితే ఎదురుచూడడమే తప్పు. అంత చిన్న ఒంట్లో నీళ్ళు ఒక్క రోజులో అయిపోతాయి. వాంతులూ దస్త్ కలిసి వస్తే, మలం తారులా నల్లగా ఉంటే, రక్తం ఎక్కువగా పడితే, నీళ్ళు కూడా నిలవకపోతే, మూల పట్టుకుని పడుకుంటే వెంటనే బయల్దేరండి. మెడ వెనక చర్మాన్ని పైకి లాగి వదలండి. అది టక్కున సర్దుకోక గుడారంలా నిలబడినా, చిగుళ్ళు వేలికి జిగురుగా తగిలినా ఒంట్లో నీళ్ళు తగ్గాయని అర్థం. పెద్ద జీవికి ఇవేమీ లేకపోయినా రెండు రోజుల్లో తగ్గకపోతే ఇక దవాఖానాకే.

కుక్కపిల్లల్లో పార్వో అనే వైరస్ ఉంది. 1978 నుంచి దునియా అంతా పాకింది. వాంతులు, కంపు కొట్టే రక్త విరేచనాలు, ఇలాజ్ అందకపోతే రోజుల్లోనే మౌత్. బిల్లీల్లో దాని బంధువు పాన్‌ల్యూకోపీనియా. రెండూ మనుషులకి అంటవు. రెండిటికీ టీకా ఉంది. ఆరు, ఎనిమిది వారాల వయసులో మొదలుపెట్టి, మూడు నాలుగు వారాలకోసారి, పదహారు వారాలు నిండేదాకా వేయిస్తారు. జర్దోజీ పని, కుట్టుపని ఉన్న ఇళ్ళల్లో ఇంకొక సంగతి. బిల్లీ దారం మింగితే పేగు ముడుచుకుపోతుంది. నాలుక కిందో, వెనక నుంచో దారం కొస కనిపిస్తే లాగొద్దు, పేగు తెగుతుంది. అలాగే మగ బిల్లీ మట్టి తొట్టెలో ముక్కుతూ కూర్చుంటే ఖబ్జ్ అనుకోకండి. పేషాబ్ ఆగిపోయి ఉండొచ్చు, అది గంటల్లో ప్రాణం తీస్తుంది.

"జాన్వర్ కోసం డాక్టరా? ఫుజూల్ ఖర్చీ" అనే పెద్దలు ప్రతి ఖాందాన్‌లో ఉన్నారు. మనకే దవాఖానా ఖర్చులు భారమైన రోజులివి, ఆ మాటని కొట్టిపారేయను. ప్రైవేటు క్లినిక్కులు బీదవాళ్ళకి అందవనేదీ నిజం. కానీ సర్కారీ పశువుల ఆస్పత్రి బర్రెలకీ మేకలకీ మాత్రమే కాదు. హైదరాబాద్‌లో నారాయణగూడ ఆస్పత్రి ఉంది, రాజేంద్రనగర్, తిరుపతి వెటర్నరీ కాలేజీలున్నాయి, మండలాల్లో చిన్న దవాఖానాలున్నాయి. తలుపు తట్టని మనమే లేవనుకుంటాం.

నాపాక్ అవుతుందనేది రెండో దలీల్. అబూ ఖతాదా (రజి) వుజూ నీళ్ళ పాత్రని పిల్లి తాగడానికి వంచారనీ, అది నాపాక్ కాదనీ, మన చుట్టూ ఇంట్లో తిరిగేదేననీ నబీ (స) చెప్పిన మాటని గుర్తుచేశారనీ అబూ దావూద్, తిర్మిజీల్లో ఉంది. దాని గలీజ్ నాపాకే, అది కడిగితే పోతుంది. బిల్లీని కట్టేసి తిండి లేక చంపిన ఔరత్ సంగతి, దాహంతో ఉన్న కుక్కకి నీళ్ళు తోడి పోసి మాఫీ పొందిన వాళ్ళ సంగతి మన బచ్చాలకి మక్తబ్‌లోనే చెబుతాం. అదే బచ్చాల కళ్ళ ముందు సంచి మూతి కట్టడం నాకు అర్థం కాదు.

కడగడానికి ఫినాయిల్ వాడొద్దు, పాదాలు నాకే బిల్లీకి అది విషం. ఒక వంతు బ్లీచింగ్ ద్రావణానికి ముప్ఫై వంతుల నీళ్ళు కలిపి, పది నిమిషాలు ఉంచి, మంచినీళ్ళతో కడిగి ఆరనిస్తే పార్వో వైరస్ కూడా చస్తుంది. అప్పటిదాకా బిల్లీని ఆ గదిలోకి రానివ్వకండి. ఇంట్లో గర్భిణి ఉంటే మట్టి తొట్టె ఆమె ముట్టకూడదు, వేరేవాళ్ళు ప్రతిరోజూ తీసేయాలి. పిల్లి మలంలో ఉండే టాక్సోప్లాస్మా అంటే స్థితికి రావడానికి ఒకటి నుంచి ఐదు రోజులు పడుతుంది, రోజూ తీయమనేది అందుకే.

డాక్టర్ దగ్గరికి వెళ్ళేటప్పుడు చిన్న డబ్బాలో ఆ పూట మలం కొంచెం పట్టుకెళ్ళండి. పురుగులు, జియార్డియా లాంటివి అందులోనే తేలతాయి. కూనల్లో దస్త్‌కి చాలాసార్లు అవే సబబ్. ఎప్పుడు మొదలైంది, ఏం తింది, ఎన్నిసార్లు పోయింది, దస్తా పేచిషా, ఇంట్లో ఏ గోలీ వేశారు అన్నవి చీటీ మీద రాసుకోండి. గోలీ సంగతి మాత్రం షరమ్ పడకుండా మొదటే చెప్పేయండి.