పరీక్ష నష్టం రైతుపై వద్దు

2016 ఖరీఫ్‌లో కర్నూలు జిల్లా దేవనకొండ మండలంలో 175 మంది వేరుశనగ రైతుల ఫోన్లకు తెలుగులో సందేశాలు వచ్చాయి. మూడు దశాబ్దాల వాన లెక్కలు చూసి, విత్తనం ఎప్పుడు వేయాలో చెప్పే సందేశాలవి. ఇక్రిశాట్, మైక్రోసాఫ్ట్ కలిసి చేసిన ప్రయోగమది. తొలివాన పడగానే అరక కట్టే రైతును కొన్నాళ్లు ఆగమనడం చిన్న మాట కాదు. సగటున 30 శాతం అధిక దిగుబడి వచ్చిందని నిర్వాహకులు ప్రకటించారు. మామూలు ఫోను చాలడం ఇందులో మాకు బాగా నచ్చిన సంగతి. కానీ రాయలసీమ వానలు ఏటా ఒకేలా కురవవు. కరవు ఏడాదిలోనూ నిలిచిన సలహానే నమ్మగలం.

డ్రోన్ల విషయంలో మరింత జాగ్రత్త కావాలి. చేతి పంపుతో మందు కొడితే వంద లీటర్లకు పైగా నీళ్లు పట్టే ఎకరాన్ని డ్రోన్ పది లీటర్లతో ముగిస్తుంది. మరి మిరప పూలలో నక్కిన తామర పురుగుకు ఆ మందు అందుతోందా? కింది కొమ్మలకు తడికి రంగు మారే పసుపు కాగితాలు కట్టి, చుక్క పడి నీలంగా మారిన మచ్చలు లెక్కపెడితే తెలుస్తుంది. గాలికి పక్క చేలో ఎంత పడిందో కూడా అలాగే చూడాలి.

ఇలాంటి పరీక్షల్లో పంట దెబ్బతింటే పరిహారం పరీక్షించేవారే ఇవ్వాలి, కౌలు రైతుకు సైతం. విఫలమైన ఫలితాలను కూడా తెలుగులో అచ్చువేసి రైతు వేదికల్లో చదివి వినిపించాలి. ఈ పరికరాలకు రాయితీల మాట ఆ తర్వాతే.