వరద మిగిల్చిన కుక్కలు

2022వ సంవత్సరము జూలై 16వ తేదీన భద్రాచలమువద్ద గోదావరి 71.3 అడుగులకెక్కినది. నాడు తడిసి మా యరుగుపై చేరిన నాలుగు కుక్కలు నేటికిని మా యింటనే యున్నవి. వానికి నూకలు వండనిదే మా పొయ్యి యారదు. ఒకటి ఉరుము వినినంతనే మంచముక్రింద దూరును. మరియొకదానికి కక్షిదారుల చెప్పులపై మిక్కిలి ప్రీతి; వాని వెల మేమే చెల్లించుచున్నాము.

ధర్మరాజు కుక్కను విడిచి స్వర్గమునకు బోనొల్లడయ్యెనని పురాణకాలక్షేపములందు విని కన్నీరు విడుచు మనము, వీధికుక్కకింత యన్నము వైచి కృతార్థులమనుకొనుచున్నాము. అడవియంచున నిది చాలదు. విచ్చలవిడిగా తిరుగు కుక్కలు దుప్పులను తరుమును. వాని రోగములు రేచుకుక్కలకును సోకును. వెర్రికుక్క కాటువలన రోగలక్షణములు పొడసూపిన పిదప మనుష్యుడు బ్రతుకుట బహు అరుదు.

వీధికుక్కలకు సంతాననిరోధ చికిత్సయు, టీకాలును జేయించు బాధ్యతను 2023 నాటి నిబంధనలు స్థానిక సంస్థలపైననే యుంచినవి. ఇందులకై మేము మూడు అర్జీలు పెట్టుకొంటిమి, ప్రత్యుత్తరము లేదు. మా నాలుగింటికి మేమే టీకాలు వేయించితిమి. వచ్చు సోమవారము ఉదయమున ఇరుగుపొరుగు కుక్కలను గూడ పశువైద్యశాలకు గొనిపోనున్నాము. రాదలచినవారు త్రాళ్లు వెంట దెచ్చుకొనవలెను.