పత్తి చేలో పసివేళ్ళు, చట్టంలో సందు

కూలివాడి పిల్ల బడికి రాకపోతే, తల్లిదండ్రులకు చదువు విలువ తెలీదని అధికారులు తీర్పు చెప్పేస్తారు. ఈ మాటను మేం ఒప్పుకోం. బాకీ కాగితం మీద వేలిముద్ర వేసినవాడికి అక్షరం ఖరీదు ఒకరు చెప్పనక్కర్లేదు.

నడిగడ్డ, కర్నూలు ప్రాంతాల విత్తన పత్తి చేలనే చూద్దాం. సంకర విత్తనం కావాలంటే సాయంత్రం ఆడ సాళ్ళలో మొగ్గ మొగ్గకూ రేకులు, కేసరాలు గిల్లి తీసెయ్యాలి. తెల్లారి మగపూల పుప్పొడి అద్దాలి. వారాల తరబడి రోజూ ఇదే పని. ఈ క్రాసింగు కాలం సరిగ్గా బడి నడిచే కాలం. 1990ల నుంచి వేలాది పిల్లలు, అందులో ఎక్కువమంది ఆడపిల్లలు, బడి మాని ఈ చేలల్లో నిలబడ్డారు. పిల్లల వేళ్ళు సున్నితమన్నది సాకు. పెద్దలకిచ్చే కూలి వాళ్ళకు ఇవ్వనక్కర్లేదన్నది అసలు సంగతి. పైగా తల్లిదండ్రులకు ముందే బయానా ఇచ్చి పిల్లను సీజను పొడుగునా కట్టేసుకోవచ్చు.

రైతునొక్కణ్ణే తిట్టి లాభం లేదు. విత్తనానికి ధర కట్టేది కంపెనీ. ఆ ధరలో పెద్దల కూలి గిట్టదంటాడు రైతు. విత్తనం పరీక్షలో తప్పితే రైతుకు సొమ్ము రాదు. పిల్ల బడి తప్పితే మాత్రం కంపెనీకి పైసా నష్టం లేదు!

మరి చట్టం ఏం చేసింది? పదేళ్ళలో 14 ఏళ్ళ లోపు పిల్లలందరికీ ఉచిత నిర్బంధ విద్య అందించేందుకు ప్రభుత్వం ప్రయత్నించాలని 1950లో రాజ్యాంగం చెప్పింది. అది హక్కుగా రాజ్యాంగానికెక్కింది 2002లో. చట్టం వచ్చింది 2009లో, అమలు 2010 ఏప్రిల్ 1 నుంచి. ఈలోగా రెండు తరాల కూలీలు చేలల్లోనే ముసలివాళ్ళయ్యారు. 1986 నాటి బాలకార్మిక చట్టం జాబితాకెక్కిన పనులనే నిషేధించి, పొలం పనులను చాలావరకు వదిలేసింది. 2016 సవరణ 14 ఏళ్ళ లోపు పిల్లల చేత పని మానిపించామంటూనే, బడి వేళల తర్వాతా సెలవుల్లోనూ కుటుంబ పనికి తోడ్పడవచ్చని సందు ఉంచింది. సాయంత్రం మొగ్గలు గిల్లే పనికి ఇంతకన్నా అనువైన సందు ఏముంది? గట్టు మీద నిలబడి ఎవరు కుటుంబమో, ఎవరు కూలో ఏ ఇన్‌స్పెక్టరు తేలుస్తాడు?

డబ్బున్నవాడి పిల్ల సాయంత్రం ట్యూషనుకు పోతుంది, కూలివాడి పిల్ల చేనుకు పోతుంది. పదో తరగతిలో ఇద్దరికీ ప్రశ్నపత్రం ఒకటే. ఆ తర్వాత ఒకరికి తెలివుందనీ రెండోవారికి లేదనీ లోకం ముద్ర వేస్తుంది. అసమానత పుట్టుకతో వచ్చిందనేవాళ్ళు ఈ సాయంత్రాల లెక్క చెప్పాలి.

కుటుంబ పని పేరిట ఉన్న సందు మూయాలి. విత్తన ధరలో పెద్దల పూర్తి కూలి కలపాలి. చేలల్లో పిల్లలు కనబడితే కంపెనీని కూడా బాధ్యుల్లో చేర్చాలి. వలసపోయే కూలీల పిల్లలకు సొంత ఊళ్ళోనే ఉండి చదువుకునే వసతి కల్పించాలి.

అయితే అడిగి ఊరుకుంటే వచ్చేవి కావివి. 2009 చట్టం ప్రకారం ప్రభుత్వ బడి యాజమాన్య కమిటీలో నాలుగింట మూడు వంతులు తల్లిదండ్రులో సంరక్షకులో ఉండాలి, సగం మంది ఆడవాళ్ళుండాలి. ఈ కమిటీల్లో కూలీ తల్లులు కూర్చోవాలి. క్రాసింగు నెలల్లో హాజరు పట్టీ తెరిపించి, రాని పిల్లల సంగతి ఊరందరిలో అడగాలి. కూలి రేట్ల పోరాటం, బడి పోరాటం వేరు వేరు కావు. పెద్దలకు గిట్టుబాటు కూలి దక్కిన ఊళ్ళోనే పిల్లకు బడి దక్కుతుంది.