సచ్చినంక దొరికే కౌలు రైతు, బతికున్నప్పుడు ఎందుకు దొరకడు?

రైతు భరోసా పైసలు పడుతున్నయంటే మన ఊర్లల్ల రెండు తీర్ల మనుషులు కనబడ్తరు. ఒకాయన "నాకు మూడెకరాలకే పడ్డయి, ఇంకో రెండెకరాలకు పడలే" అని ఏఈఓకు ఫోన్ మీద ఫోన్ కొడుతుంటడు. ఇంకొకాయన ఆ ముచ్చట ఇనుకుంట, నారు కట్టలు మోసుకుంట పోతుంటడు. పైసలు పడలేదంటున్న ఆ రెండెకరాలు దున్నేది ఈయననే. ఈయనకు పడేటియి లెవ్వు, ఆగేటియి లెవ్వు. ఈయన పేరు ఏ లిస్టులనే లేదు.

ఆ పేరు గురించే ఇయ్యాల నా ముచ్చట.

రైతుబంధు 2018 మే 10 నాడు హుజూరాబాద్ దగ్గర మొదలైంది. ఆ ఏడు బడ్జెట్ల దానికి 12,000 కోట్లు పెట్టిండ్రు. ఎకరానికి ఒక కారుకు 4,000. తర్వాత 5,000 అయింది. పెట్టుబడికి షావుకారి దగ్గర చేయి చాపకుండ, దుక్కి దున్నేముందే చేతుల పైసలు పెట్టాలన్న ఆలోచన మంచిదే, దాన్ని నేను కాదన. గని ఆ పైసలు పోయింది దుక్కి దున్నేటోని చేతులకు కాదు, పాసుబుక్కు ఉన్నోని ఖాతకు. కౌలు సంగతి ఓనరుకు, కౌలుదారుకు మధ్య సంగతి, మధ్యల సర్కారు రాదు అన్నట్టు అప్పటి ప్రభుత్వం చేతులు దులుపుకున్నది. ఎన్నెకరాలున్నా సరే, ఎకరాకింత అని లెక్కగట్టి ఇచ్చిండ్రు. అర్ధెకరమున్నోనికి అర్ధెకరానికి, యాభై ఎకరాలున్నోనికి యాభై ఎకరాలకు.

2023 ఎన్నికల ముందుగాల కాంగ్రెస్ ఆరు గ్యారంటీలల్ల సాఫుగ రాసింది: రైతులకే కాదు, కౌలు రైతులకు సుత ఏడాదికి ఎకరానికి 15,000, కూలీలకు 12,000. కౌలు రైతు అన్న మాట గ్యారంటీ కార్డు మీదికి ఎక్కిందని చానామంది సంబురపడ్డరు. 2025 జనవరి 26 నాడు పథకం మొదలైతే 15,000 పోయి 12,000 అయింది, కౌలు రైతు మొత్తానికే మాయమయిండు. భూమిలేని కూలీలకు ఇందిరమ్మ ఆత్మీయ భరోసా అన్నరు. దానికి ఉపాధి హామీల కనీసం 20 దినాలు పని చేసుండాలె, గుంట జాగ సుత పేరు మీద ఉండొద్దు. ఇగ పది గుంటల సొంత జాగ ఉండి, నాలుగెకరాలు కౌలుకు చేసేటోడు ఎటు పోవాలె? పది గుంటలకు 3,000 వస్తది ఏడాదికి. కూలీ కిందికి రాడు, కౌలు రైతు అన్న గడే లేదు.

ఢిల్లీ సర్కారు ఏమన్న వేరే తీరు ఉన్నదా అంటే అదీ లేదు. పీఎం కిసాన్ 6,000 సుత భూమి కాగితం ఉన్నోనికే. పార్టీలు మారినా, పథకాల పేర్లు మారినా పైసలు పోయే తొవ్వ మాత్రం మారలే. కాగితం ఎంబడే పోతున్నయి, నాగలి ఎంబడి కాదు.

ఒకసారి లెక్క ఏసి చూడుండ్రి. పది ఎకరాల ఆసామి హైదరాబాద్‌ల ఉంటడు అనుకుందాం. ఎకరానికి 15,000 చొప్పున కౌలుకిచ్చిండు అనుకుందాం, నీళ్లున్న భూమికి అంతకన్న ఎక్కువే నడిచే జాగలున్నయి. కౌలు కింద లక్షా యాభై వేలు. రైతు భరోసా కింద లక్షా ఇరవై వేలు. మొత్తం రెండు లక్షల డెబ్బై వేలు, కాళ్లకు మట్టి అంటకుండ. ఆ పది ఎకరాలు చేసేటోడు ముందుగాల లక్షా యాభై వేలు కట్టి, ఆ పైన విత్తనం, ఎరువు, కూలి, ట్రాక్టర్, కోత మిషన్ ఖర్చు మోస్తడు. వాన పడకున్నా, వడగండ్లు పడ్డా కౌలు కౌలే. సర్కారు ఇచ్చిన లక్షా ఇరవై వేల మీద 'రైతు పెట్టుబడి సాయం' అని రాసి ఉంటది. పెట్టుబడి పెట్టింది ఎవరు?

సాయం వస్తున్నది కదా, ఓనరు కౌలు తగ్గిస్తడు అని కొంతమంది సదువుకున్నోళ్లు అంటరు. నేను తిరిగిన ఊర్లల్ల రైతుబంధు వచ్చినంక కౌలు తగ్గిందని చెప్పినోడు నాకు ఒక్కడు దొరకలే. ఎట్ల తగ్గుతది? ఒక ఎకరానికి ముగ్గురు అడిగేటోళ్లు ఉంటే ఓనరుకు తగ్గించే పనేముంది? ఉల్టా, భూమి ఊకెనే పెట్టుకున్నా ఏడాదికింత వస్తున్నదంటే అమ్ముదామనుకున్నోడు సుత ఆగిండు, కొందామనుకున్న చిన్న రైతుకు అందకుండ పోయింది.

రుణమాఫీల ఇంకో తమాష ఉన్నది. 2024ల రెండు లక్షల దాక పంట అప్పు మాఫీ చేసి 20 వేల కోట్లకు పైన ఖర్చు పెట్టిండ్రు. పంట అప్పు బ్యాంకుల దొరకాలంటే పాసుబుక్కు కావాలె. కాబట్టి భూమి కౌలుకిచ్చినోడే ఆ భూమి మీద పంట అప్పు తీసుకున్నడు, ఆయనదే మాఫీ అయింది. పంట ఏసినోడు ఎరువుల దుకాణంల, అడ్తి దగ్గర, మూడు రూపాయల మిత్తికి తెచ్చుకున్నడు. ఆ అప్పుకు మాఫీ లేదు. వడ్లు సెంటర్ల పోసినా గదే కథ. ఓనరు పాసుబుక్కు పెట్టి, ఓనరు ఫోన్‌కు వచ్చే ఓటీపీ అడుక్కోని అమ్ముకుంటే పైసలు ఓనరు ఖాతల పడ్తయి. సన్నొడ్లకిచ్చే 500 బోనస్ సుత అటే పోతది. ఆయన మంచోడైతే తెల్లారి ఇస్తడు, కాకుంటే "వచ్చే ఏడు కౌలు కింద పట్టుకుంటలే" అంటడు.

ఇంతదాక పైసల ముచ్చట. ఇంకోటి పానం ముచ్చట.

2018 ఆగస్టుల రైతు బీమా పెట్టిండ్రు. 18 నుంచి 59 ఏండ్ల మధ్యల ఉన్న రైతు ఏ కారణంతోని సచ్చినా ఇంటోళ్లకు ఐదు లక్షలు. ప్రీమియం సర్కారే ఎల్‌ఐసీకి కడుతది. చెప్పుకోదగ్గ పథకం ఇది. నామినీ ఖాతల దినాలు కాకముందే పైసలు పడ్డ ఇండ్లు నేను చూసిన. గని దీనికి సుత పేరు మీద భూమి ఉండాలె. ఇగ ఈ లెక్క చూడుండ్రి: ఆత్మహత్య చేసుకున్న రైతుల ఇండ్లకు పోయి రైతు స్వరాజ్య వేదిక 2018ల చేసిన అధ్యయనంల ప్రతి నలుగురిల దాదాపు ముగ్గురు కౌలు రైతులే అని తేలింది. సొంతంగ కొంత భూమి ఉండి ఇంకొంత కౌలుకు చేసేటోళ్లు అండ్ల ఉన్నరు, అసలు భూమే లేనోళ్లు ఉన్నరు. అంటే ఎక్కువ సచ్చిపోయేది ఎవరో వాళ్లల్ల భూమి లేనోళ్లకు బీమా లేదు.

భూమి లేని రైతు ఆత్మహత్య చేసుకుంటే ఆ ఇంటికి వేరే తొవ్వ ఒకటి ఉన్నది. చానామందికి తెల్వదు గనుక చెప్తున్న. 2004ల వచ్చిన జీవో 421 ప్రకారం లక్షన్నర ఇచ్చేటోళ్లు. 2015ల జీవో 194తోని దాన్ని ఆరు లక్షలు చేసిండ్రు. దీనికి రెవిన్యూ, పోలీసు, వ్యవసాయ శాఖ అధికారులు కలిసి విచారణ చెయ్యాలె. ఆ విచారణకు ఊర్లెకు వచ్చినప్పుడు వాళ్లు ఏం చేస్తరో నేను దగ్గరుండి చూసిన. గెట్టు పక్క రైతులను అడుగుతరు, "ఈ సర్వే నంబర్ల పత్తి పెట్టింది ఎవరు?" అని. ఎరువుల దుకాణపాయన చిట్టీలు చూస్తరు. ఓనరును పిలిచి, కౌలు ఎంత, ఎన్నేండ్ల సంది అని రాసుకుంటరు. ఒక్క పూటల తేలిపోతది ఎవరు కౌలు రైతో.

మరి "కౌలు రైతులను గుర్తించుడు కష్టం" అని అసెంబ్లీల, ప్రెస్‌మీట్లల్ల ఎట్ల అంటరు సారు? మనిషి పురుగుల మందు తాగినంక ఒక పూటల దొరికిన పేరు, ఆ మనిషి బతికి నాట్లు ఏసేనాడు ఎందుకు దొరకదు?

కష్టం ఏడున్నదో చెప్పాలంటే కొంచెం ఎనకకు పోవాలె. 1950ల హైదరాబాద్ రాష్ట్రంల కౌలుదారీ, వ్యవసాయ భూముల చట్టం వచ్చింది. అప్పటికే దున్నేటోనికే భూమి అని తెలంగాణ పల్లెలు లేచి కొట్లాడి ఉన్నయి. ఆ చట్టంల రక్షిత కౌలుదారు అని ఒక హక్కు పెట్టిండ్రు, తర్వాత 38-ఇ సర్టిఫికెట్లతోని కొంతమంది కౌలుదార్లు ఓనర్లు సుత అయిండ్రు. గా భయం ఇంకా ఉన్నది. కౌలుదారు పేరు ఏ కాగితం మీదికి ఎక్కినా భూమి పోతదని ఆసామి భయం. గందుకే నోటి మాట మీద కౌలు, రెండేండ్లకోసారి మనిషిని మార్చుడు. పహాణీల అనుభవదారు అని ఒక కాలమ్ ఉండేది, ఎవరు కాస్తుల ఉన్నరో అండ్ల రాసేటోళ్లు. ధరణి వచ్చినంక దాన్ని తీసేసిండ్రు. ఓనర్లకు నిమ్మళం అయింది.

మొన్న ఒక కాకను అడిగిన, "కౌలు కాగితం ఏమన్న రాసుకున్నవా కాక?" అని. నవ్విండు. "కాగితం అడిగిననాడు భూమి ఇంకోనికి పోతది తమ్మీ. నేను అడుగుత ఎట్ల?" అన్నడు. పదకొండేండ్ల సంది అదే చెలకల చేస్తున్నడు.

ఈ భయానికి మందు మన దగ్గర తయారుగనే ఉన్నది. ఉమ్మడి రాష్ట్రంల 2011ల భూ అధీకృత సాగుదారుల చట్టం తెచ్చిండ్రు. కౌలు రైతు దరఖాస్తు పెట్టుకుంటే, గ్రామసభల విచారించి, ఏడాదికి పనికొచ్చే రుణ అర్హత కార్డు ఇయ్యాలె. ఆ కార్డుతోని అప్పు, బీమా, పంట నష్టం సాయం తీసుకోవచ్చు. భూమి మీద మాత్రం ఏ హక్కూ రాదని చట్టంలనే రాసి పెట్టిండ్రు. ఓనరు సంతకం సుత అక్కర లేదు. ఈ చట్టం తెలంగాణల రద్దు కాలే. రాష్ట్రం వచ్చినంక పట్టించుకునే దిక్కు లేక మూలకు పడ్డది, గంతే. కార్డు ఉంటే చాలని నేను అంటలేను. కార్డులిచ్చిన రోజులల్ల సుత బ్యాంకోళ్లు చానామందిని వాపస్ పంపిండ్రు, ఎందుకంటే ఆ భూమి మీద అప్పటికే ఓనరు అప్పు ఉన్నది. గని పేరు లేనోడు అడగనే లేడు, పేరున్నోడు కనీసం తలుపు కొట్టచ్చు.

ఆంధ్రల ఆ చట్టం తీసేసి 2019ల పంట సాగుదారుల హక్కుల చట్టం తెచ్చిండ్రు. పేరు చూస్తే పెద్దగున్నది, గని ఓనరు ఒప్పుకొని సంతకం పెట్టాలన్నరు. ఓనర్లు పెట్టరు, కార్డులు రావు. కొన్ని కులాల కౌలు రైతులకన్న రైతు భరోసా ఇచ్చిండ్రు, మనకన్న ఒక మెట్టు మీదనే ఉన్నరు అనుకోండ్రి. ఒడిశాల 2019 కాలియా పథకం కౌలుదార్లను, భూమిలేని కూలి ఇండ్లను సుత లెక్కల పెట్టింది. బెంగాల్‌ల కృషక్ బంధు నమోదైన బర్గాదార్లకు, అంటే పాలుకు చేసేటోళ్లకు, వర్తిస్తది. అక్కడ 1978 సంది ఆపరేషన్ బర్గా పేరు మీద ఆ పేర్లన్ని రాసి పెట్టుకున్నరు గనుక.

ఇక్కడ ఒక మాట చెప్పకుంటే అన్యాయమైతది. కౌలుకిచ్చేటోళ్లంతా హైదరాబాద్ ఆసాములు కాదు. మొగడు పోయి, పిల్లలు పట్నంల కూలికి పోతే, రెండెకరాలు కౌలుకిచ్చి ఆ పైసల మీద మందు గోలీలు కొనుక్కునే అవ్వలు మన ఊర్లల్ల ఉన్నరు. ఆమెకొచ్చే 24 వేలు గుంజి ఇంకొకరికి ఇయ్యుమని నేను అడుగుతలేను. ఎకరాలకు ఒక హద్దు పెట్టుండ్రి, ఆ మీదికెల్లి మిగిలింది కౌలు రైతుకు మలుపుండ్రి. ఇగ రైతు బీమాకైతే ఓనరు నుంచి ఒక్క రూపాయి తీసే పని లేదు. కౌలు రైతు పేరు జమ చేసుడే.

ఇది చదువుతున్న తమ్ముళ్లు, చెల్లెండ్లల్ల సగం మంది ఇండ్లల్ల సొంతం ఒక ఎకరం, కౌలుకు మూడెకరాలు ఉంటయని నాకెరుకే. ఆ ఒక్క ఎకరానికి మెసేజ్ రాంగనే "మనకు పడ్డయి" అనుకుంటున్నం. మిగిలిన మూడెకరాలకు మన నాయిన రైతు కాడు. ఈ సారి ఏఈఓ పంటల నమోదుకు వచ్చిననాడు పొలం కాడ ఉండుండ్రి, సాగు చేసేటోని పేరు రాసుకోమని అడుగుండ్రి. రాయనంటే ఎందుకు రాయవో కాగితం మీద ఇయ్యుమని అడుగుండ్రి. గ్రామసభల 2011 చట్టం పేరు తియ్యుండ్రి. ఊర్ల ఎవరు ఎవరి భూమి, ఎంత కౌలుకు చేస్తున్నరో మీకు తెల్వనిదా, ఒక నోటుబుక్కుల రాస్తే సాయంత్రానికి అయిపోతది. ఇగ తహసీల్దార్ ఆఫీసుల సమాచార హక్కు కింద ఒక దరఖాస్తు పెట్టుండ్రి: 2014 జూన్ 2 నుంచి ఇయ్యాల్టి దాక మా మండలంల ఎన్ని రుణ అర్హత కార్డులు ఇచ్చిండ్రు, ఏ ఏడు ఎన్ని. 30 దినాలల్ల జవాబు ఇయ్యాలె.