కాంతితో సాగే స్ఫటికాలకు ఉప్పల్ దారిలో ఒక ల్యాబ్

హైదరాబాద్ ఉప్పల్ రోడ్డులోని జాతీయ భూభౌతిక పరిశోధనా సంస్థ (ఎన్‌జీఆర్‌ఐ) 1961లో పుట్టింది. రాళ్ల గుండా తరంగాలు ఎలా సాగుతాయో అక్కడ శోధిస్తారు. ఆ తరంగాల నడకను నిర్ణయించే స్థితిస్థాపకతనే ఆవగింజంత స్ఫటికంలో, టెరాహెర్ట్జ్ కాంతితో పరీక్షించే ల్యాబ్ కూడా ఈ దారిలోనే రావాలి. సెకనుకు లక్ష కోట్ల సార్లు ఊగే ఈ కాంతి అలపొడవు సుమారు 0.3 మిల్లీమీటర్లు. స్ఫటికంలోని అయాన్లు సహజంగా కంపించేది చాలావరకు ఈ పరిధిలోనే. కాంతిలోని విద్యుత్ క్షేత్రం ధన అయాన్లను ఒకవైపు, రుణ అయాన్లను మరోవైపు లాగితే వాటి అమరిక, అంటే జాలకమే సాగుతుంది, కుంచించుకుంటుంది. వేడికి వ్యాకోచించడం వేరు, ఇది వేరు. ఏ స్ఫటికం ఎటు సాగాలో సౌష్ఠవం నిర్ణయిస్తుంది: 32 స్ఫటిక తరగతుల్లో 20 తరగతులకే క్షేత్రానికి అనులోమంగా సాగే గుణం ఉంది, మిగతావి క్షేత్రం వర్గాన్ని బట్టి స్పందిస్తాయి. ఈ సౌష్ఠవ గణితంపై 1948లో వెంకటరాయుడితో కలిసి పుస్తకం రాసిన సూరి భగవంతం 1950లలో ఉస్మానియాకు వైస్ ఛాన్సలర్. ఆ విద్య ఇక్కడ కొత్తదేమీ కాదు.

సాగేది అణువంత, దానికింత హడావిడి ఎందుకని అడగవచ్చు. చేతి గడియారంలోని క్వార్ట్జ్ ముక్క కంటికి కనిపించనంత కొద్దిగానే వంగుతుంది, కానీ సెకనుకు 32,768 సార్లు వంగే ఆ కంపనం మీదే కాలం లెక్క నిలబడింది. 2019లో హాంబర్గ్ పరిశోధకులు స్ట్రాన్షియం టైటనేట్‌ జాలకాన్ని ఇన్‌ఫ్రారెడ్ పల్సులతో కంపింపజేసి, దానికి మామూలుగా లేని ఫెర్రోఎలక్ట్రిక్ గుణాన్ని గంటల తరబడి నిలిపారు. చిన్న కదలిక పదార్థం స్వభావాన్నే మార్చగలదనడానికి ఇంతకన్నా రుజువు ఏం కావాలి?

ఖర్చు గురించిన అభ్యంతరం మరింత గట్టిది. బడులకు, ఆస్పత్రులకు చాలని డబ్బు లేజర్లకు ఎందుకు? నిజమే, టెరాహెర్ట్జ్ కాంతిని పుట్టించడానికి వాడే ఫెమ్టోసెకన్ లేజర్ ఖరీదైనదే. అయితే దీనికి భారీ యాక్సిలరేటర్ అక్కర్లేదు. ఆ లేజర్, ఒక లిథియం నియోబేట్ స్ఫటికం, కదలని బల్ల ఉంటే ఒక గదిలో పని జరుగుతుంది. గచ్చిబౌలిలోని హైదరాబాద్ విశ్వవిద్యాలయంలో టెరాహెర్ట్జ్ పని ఇప్పటికే ఉంది కదా అంటే, అక్కడి కృషి పేలుడు పదార్థాల గుర్తింపు వైపు సాగింది. జాలకాన్ని వంచి చూడటం వేరే ప్రశ్న. అందుకే ఒకే విభాగానికి పరిమితం చేయకుండా దీన్ని ఉమ్మడి కేంద్రంగా పెట్టాలి. బిగింపులు, వాక్యూమ్ గదులు నాచారం వర్క్‌షాపుల్లో చేయించాలి, ఉస్మానియా ఎమ్మెస్సీ విద్యార్థికి, సెన్సార్లు తయారుచేసే చిన్న యూనిట్‌కు గంటల లెక్కన ల్యాబ్ అందాలి. వచ్చే బడ్జెట్‌లో రాష్ట్ర ప్రభుత్వం స్థలం, భవనం ఇచ్చి, పరికరాల భారాన్ని కేంద్ర ప్రభుత్వంతో పంచుకోవాలి.