చెవికి చదువు

2016 వరకు ఖమ్మం జిల్లాలో ఉండిన భద్రాచలం మన్యంలో, కోయభాష మాట్లాడే ఇంట పుట్టిన విద్యార్థి ఇంట కోయను, బడిలో తెలుగును విని నేర్చుకుంటాడు. ఆంగ్లం మాత్రం అతనికి కంటితోనే పరిచయమవుతుంది. అధ్యాపకుడు వాక్యం చదివి, వెంటనే తెలుగులో అర్థం చెప్పడం మన తరగతుల్లో పరిపాటి. ఇక చెవికి పనేముంది?

విదేశాలలో చదువగోరేవారు రాసే ఐ.ఇ.ఎల్.టి.ఎస్. పరీక్షలో శ్రవణ విభాగం సుమారు 30 నిమిషాలు, ప్రశ్నలు 40. ధ్వనిముద్రణను ఒక్కసారే వినిపిస్తారు. బ్రిటిష్, ఆస్ట్రేలియా, ఉత్తర అమెరికా ఉచ్చారణలు అందులో కలిసి వస్తాయి. ఫిఫ్టీన్, ఫిఫ్టీ అనే సంఖ్యల భేదం కాగితంపై స్పష్టమే. వేగంగా పలికినప్పుడు దానిని ఊనికను బట్టి పోల్చుకోవాలి. వ్యాకరణంలో ఆరితేరినవాడు సైతం ఇక్కడ తడబడతాడు.

పాత ప్రశ్నపత్రాల జవాబులను వల్లె వేయించే శిక్షణ వల్ల ప్రయోజనం స్వల్పమని నా అభిప్రాయం. ఐదు నిమిషాల ఆంగ్ల ప్రసంగాన్ని రోజూ ఒకమారు విని, విన్నది రాసి, ఆ తరువాతనే లిఖితపాఠంతో సరిచూసుకోవాలి. ముందే పాఠం చూసి వినడం తలకిందుల పద్ధతి. పూర్వులు పండితుణ్ణి 'బహుశ్రుతుడు' అన్నారు. మిక్కిలి విన్నవాడని అర్థం. పెద్దల కథలను, పాటలను లిపి ఆసరా లేకుండానే గ్రహించిన కోయ విద్యార్థికి వినికిడి కొత్త విద్య కాదు. అతనికి కళాశాలలో రోజూ కాసేపైనా ఆంగ్లాన్ని వినిపించే ఏర్పాటే కొరవడింది.